అద్దం అవతలి పాఠం

శుభవార్త వచ్చే సమయానికి పంతులమ్మ కోటు ఒక చేతికి తొడుక్కుని, రెండో చెయ్యి ఎటు పోవాలో తెలియనట్టు గాల్లో ఆడిస్తోంది.

ఆ కోటు ఆమెది కాదు, మొగుడిది. పెళ్ళిరోజున వేసుకుని ఆ తర్వాత బీరువాలో పడేసిన కోటు. 'పుట్ ఆన్' అంటే ఏంటో చూపించడానికి ఇంతకంటే మంచి వస్తువు ఇల్లంతా వెతికినా దొరకలేదని ఆయనకి చెప్పి తెచ్చుకుంది గానీ, అసలు సంగతి వేరు. కాలరు దగ్గర ఇంకా ఆయన సబ్బు వాసన ఉంది. పాఠం మధ్యలో తల కాస్త పక్కకి వంచితే చాలు, ముక్కుకి తగులుతుంది. కొత్తగా పెళ్ళయిన మనిషికి ఉద్యోగంలో ఇంతకు మించిన సుఖం ఏం కావాలి?

"ఈ 'పుట్' అనే ఆయన ఉన్నాడే, ఒంటరిగా ఉన్నంతకాలం ఒట్టి మొద్దు," అంటోంది ఆమె. "ఏదో ఒకటి ఎక్కడో ఒకచోట పెట్టడం తప్ప ఇంకేమీ చేతకాదు. పక్కన ఓ చిన్న మాట వచ్చి చేరిందా, ఇక చూడండి ఆయన తీరు! 'ఆన్' వస్తే బుద్ధిగా కోటు తొడుక్కుంటాడు. 'ఆఫ్' వస్తే పని వాయిదా వేస్తాడు. 'అవే' వస్తే ఇల్లంతా సర్దుతాడు. 'అవుట్' వస్తే లేచి దీపం ఆర్పుతాడు."

"మరి 'పుట్ అప్ విత్' అంటారు కదండీ, అదేంటి?" ముందు బెంచీలోంచి టైలరక్క అడిగింది. ఊళ్ళో సగం మంది జాకెట్లు కుట్టే మనిషి. ఇంగ్లీషు అర్థమవుతుంది గానీ నోరు పెగలదు. అందుకే ప్రశ్నలన్నీ తెలుగులోనే అడుగుతుంది.

"'అప్' ఒకటి, 'విత్' ఒకటి, ఇద్దరూ ఒకేసారి వచ్చి నెత్తిన కూర్చుంటే ఏం చేస్తాడక్కా పాపం? భరిస్తాడు."

"మా ఇంట్లోనూ అంతే మేడమ్!" వెనక బెంచీలోంచి టాక్సీ డ్రైవరు అందుకున్నాడు. "మా ఆవిడ ఒక్కతే ఉన్నప్పుడు తట్టుకుంటాను. వాళ్ళ చెల్లెలు కూడా వచ్చిందా, ఇక పుట్ అప్ విత్తే!"

క్లాసంతా గొల్లుమంది. సరిగ్గా అప్పుడే తలుపు ధడాలున తెరుచుకుంది. కింద ఆఫీసులో ఫోన్లు ఎత్తే అమ్మాయి మెట్లన్నీ పరుగున ఎక్కొచ్చి ఆయాసపడుతోంది.

"మేడమ్, హోటల్ వాళ్ళు ఒప్పుకున్నారు! మన పాఠమే కావాలన్నారట! శనివారం వాళ్ళ స్టాఫ్ అందరి ముందూ ఒకసారి చేసి చూపిస్తే చాలట!"

పంతులమ్మ రెండో చెయ్యి అలాగే గాల్లో ఉండిపోయింది. టైలరక్క చప్పట్లు మొదలుపెట్టింది. డ్రైవరు బెంచీ మీద దరువేశాడు.

హోటలంటే మామూలు హోటల్ కాదు. పొద్దున లేచింది మొదలు ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో దిగే పెద్ద హోటల్. అక్కడి మేనేజరమ్మ కిందటివారం ఇక్కడికొచ్చి, ఈ ఇంగ్లీషు స్కూలు నడిపే డైరెక్టర్ గారి గదిలో కూర్చుంది. ఆ గదికీ క్లాసుకీ మధ్య గోడ లేదు, అద్దం ఉంది. డైరెక్టర్ గారు కుర్చీలోంచి లేవకుండానే ఎవరు ఆవలిస్తున్నారో, ఎవరు గోడలకి చేరగిలబడ్డారో చూడొచ్చు. ఆ గదిలో కూలరు రోజంతా లారీలా మోగుతుంటుంది కాబట్టి అటుపక్కకి బొమ్మే తప్ప మాట వినపడదు. ఆ బొమ్మని చూసే మేనేజరమ్మ కాఫీ చల్లార్చుకుందట. 'మా వాళ్ళకి కావాల్సింది ఇదే' అందట.

అదే పాఠాన్ని మొన్నమొన్నటిదాకా డైరెక్టర్ గారు 'కోతిగంతులు' అనేవాడు. మేనేజరమ్మ వెళ్ళిపోయాక మాత్రం పంతులమ్మని పిలిచి, "హోటలొస్తే ఆ క్లాసు నీదేనమ్మా. నీ పేరే వేయిస్తాను," అన్నాడు. ఆ మాట ఆమె వారం రోజులుగా నాలుక కింద చక్కెరబిళ్ళలా దాచుకుని చప్పరిస్తోంది. తన పేరు, తన పాఠం, పొద్దున్నే పెద్ద హోటల్లోకి ఇస్త్రీచీర కట్టుకుని నడిచి వెళ్ళడం.

క్లాసు అవ్వగానే కోటు మడత పెట్టే ఓపిక కూడా లేక భుజాన వేసుకుని డైరెక్టర్ గారి గదిలోకి దాదాపు ఎగురుకుంటూ వెళ్ళింది.

ఆయన బల్ల మీద వంగి ఒక పెద్ద పోస్టరు చూసుకుంటున్నాడు. అప్పుడే ప్రెస్సు నుంచి వచ్చినట్టుంది, సిరా వాసన గదంతా నిండింది. పోస్టరు నిండా ఆయన ఫొటో. ఒక చేతికి కోటు తొడుక్కుని, రెండో చెయ్యి గాల్లో ఉంచి, పళ్ళన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. కింద పెద్ద అక్షరాల్లో: 'డైరెక్టర్ గారు స్వయంగా రూపొందించిన వినూత్న పద్ధతి'.

పంతులమ్మ ఒకసారి పోస్టరు వైపూ, ఒకసారి తన భుజాన ఉన్న కోటు వైపూ చూసుకుంది.

"సార్, ఇది..."

"బాగొచ్చింది కదమ్మా? కోటు కొత్తది కొన్నాను, దీనికోసమే." ఆయన టై సర్దుకున్నాడు. "శనివారం నువ్వు కూడా రావాలి. సామాన్లు అందించడానికి ఒకళ్ళు ఉండాలిగా. గొడుగు, కెటిలు, రేడియో... ఏది ఎప్పుడు ఇవ్వాలో నీకైతే తెలుసు."

"క్లాసు నాదన్నారు కదా సార్."

"అన్నానమ్మా. కాదనను." ఆయన గొంతులోకి అమాంతం బోలెడంత ప్రేమ వచ్చింది. "కానీ ఆలోచించు. హోటల్ క్లాసంటే తెల్లవారుజామున. కొత్తగా పెళ్ళయినదానివి. పొద్దున్నే మొగుణ్ణి వదిలేసి పరుగులెత్తడం, రేపు ఇంట్లో మాటొస్తే? నా కూతురైతే పంపుతానా? నీ మంచికే చెప్తున్నాను."

ఆమెకి ఒళ్ళు భగ్గున మండింది. తన పాఠం ఎత్తుకుపోయాడు, పోనీ. తన మొగుణ్ణి అడ్డం పెట్టుకుని ఎత్తుకుపోవడమేంటి? పైగా ఆ మొగుడి కోటులాంటి కోటే తొడుక్కుని!

"సరే సార్," అని వచ్చేసింది. మెట్లు దిగుతుంటే మాత్రం ఒక్కో మెట్టు మీదా ఆయన్ని తొక్కుతున్నట్టే దిగింది.

ఆమె భర్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తాడు. సాయంత్రం ఆమె వెళ్ళేసరికి చక్రం తిరుగుతోంది, దాని మీద చుక్కచుక్కగా నీళ్ళు పడుతున్నాయి. ఆయన ఒక అద్దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని, అంచు ఆనీ ఆననట్టు ఆనించి, తీసి, బొటనవేలితో తుడిచి, ట్యూబులైటుకి ఎదురు పెట్టి చూస్తున్నాడు. ఆ చూడ్డంలో ఒక కన్ను మూసి పెదవి కొరుక్కుంటాడు. ఆ పెదవి కొరుక్కోవడం చూడ్డానికే ఆమె రోజూ ఇంటికి వెళ్ళే దారి మార్చుకుని ఇటు వస్తుంది. ఇవాళ అది కూడా చూసే స్థితిలో లేదు.

"ఏంటోయ్, మూతి మూరెడు పొడుగొచ్చింది?" అన్నాడు చక్రం ఆపి.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుని మొత్తం చెప్పింది. పోస్టరు, కొత్త కోటు, 'నా కూతురైతే పంపుతానా'. చెప్తూ చెప్తూ గల్లా బల్ల మీదున్న తుడిచే గుడ్డని పిండి పిండి తాడు చేసింది.

"నా పేరు చెప్పి ఆపాడా? నేనెప్పుడన్నాను వద్దని? పొద్దున టీ నేను పెట్టుకోలేనా?"

"నీ టీ సంగతి తర్వాత. ఆ మనిషి నలుగురిలో నవ్వులపాలు కావాలి. నాకది కావాలి. రేపట్నుంచి ఉద్యోగం మానేస్తాను."

"మానేస్తే పాఠం ఆయనదే అయిపోతుందిగా."

"అయితే మేనేజరమ్మకి చెప్పేస్తాను."

"ఎవరి మాట నమ్ముతుంది? నువ్వు చెప్పేదంతా తాను నేర్పిందేనంటాడు. ఆయన గదిలో కూర్చుని ఆయన కాఫీ తాగిన మనిషి." ఆయన అద్దాన్ని మళ్ళీ లైటుకి ఎదురు పెట్టాడు. "అయినా ఎలా నేర్చుకున్నాడంటావ్? ఎప్పుడైనా వచ్చి నీ క్లాసులో కూర్చున్నాడా?"

"గదిలోంచి చూసేవాడు. అద్దంలోంచి."

"అంటే చూశాడే గానీ విన్లేదు." ఒక కన్ను మూశాడు. "మా దగ్గరికీ వస్తుంటారు ఇలాంటి వాళ్ళు. చూపు భేషుగ్గా ఉంటుంది. ఏం చూస్తున్నారో మాత్రం తెలీదు."

ఆమె చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఏమన్నావ్?"

"చూపు భేషుగ్గా..."

"కాదు, దానికి ముందు."

ఆయన కన్ను తెరిచి ఆమె వైపు చూశాడు. ఆమె మొహంలో నెమ్మదిగా ఓ నవ్వు పాకుతోంది. పెళ్ళయ్యాక ఆమె నవ్వులు చాలానే చూశాడు గానీ, ఇది కొత్త రకం. కాస్త భయం కూడా వేసింది.

ఆ సాయంత్రం చినుకులు పడుతుంటే, సంచిలో రెండో గొడుగున్నా తీయకుండా ఇద్దరూ ఒక్క గొడుగు కిందే ఇంటికి నడిచారు. దారి పొడుగునా ఆమె కుడిచేత్తో ఎడమచెవి పట్టుకుని చూస్తూనే ఉంది.

మర్నాడు పాఠం మొదలుపెట్టే ముందు ఆమె అద్దానికి వీపు పెట్టి నిలబడింది.

"అందరూ నా మాట వినండి. నవ్వకండి. అవతల్నుంచి మొహాలు కనపడతాయి. ఇవాళ్టి నుంచి శనివారం దాకా మనం ఏ వస్తువు ఎత్తినా, దించినా, విప్పినా, తొడుక్కున్నా, ముందు మూడు పనులు చేస్తాం. కుడిచేత్తో ఎడమచెవి లాగుతాం. ఉన్నచోటే ఒక చుట్టు తిరుగుతాం. వస్తువు మీద ఉఫ్‌మని ఊదుతాం. ఆ తర్వాతే మాట."

"ఎందుకు మేడమ్?" అన్నాడు డ్రైవరు.

ఎందుకో చెప్పింది. దాచకుండా పోస్టరు సంగతితో సహా మొత్తం చెప్పింది. టైలరక్క చీర కొంగు నడుముకి దోపుకుని లేచింది.

"నా డిజైను పక్క షాపు వాడు ఎత్తుకుపోతే ఏడాది నిద్రపట్టలేదు నాకు. ఇటివ్వండి ఆ గొడుగు."

చెవి లాగింది. ఆ ఒళ్ళు తిప్పుకోలేక తిప్పుకోలేక ఒక చుట్టు తిరిగింది. గొడుగు మీద ఊదింది. "పిక్ అప్ ద అంబ్రెల్లా!" అని గట్టిగా అరిచింది.

ఎన్నాళ్ళనుంచో పెగలని నోరు పెగిలిందని ఆ హడావుడిలో ఎవరూ గమనించలేదు. పంతులమ్మ కళ్ళన్నీ అద్దం మీదే ఉన్నాయి.

అద్దం అవతల డైరెక్టర్ గారు పేపరు దించాడు. మెడ చాచాడు. ఇటు ఎవరో చూస్తున్నారనిపించి మళ్ళీ పేపరు ఎత్తాడు. కాసేపటికి పేపరు పక్కనుంచి ఒక చెయ్యి బయటికొచ్చి, మెల్లగా, తలలో ఏదో కుట్టినట్టు, ఎడమచెవి మీదికి వెళ్ళింది.

డ్రైవరు బెంచీ కిందికి వంగిపోయి చెప్పు వెతుక్కుంటున్నట్టు నటించాడు. వీపు మాత్రం ఎగిరెగిరి పడుతోంది.

పంతులమ్మకి ఆ వారం పండగలా గడిచింది. రోజూ ఒక కొత్త ముక్క కలిపేది. 'టర్న్ డౌన్' అని రేడియో తగ్గించేముందు కోడిలా మెడ ముందుకీ వెనక్కీ ఆడించడం. 'త్రో అవే' అని కాయితం పారేసేముందు దానికి నమస్కారం పెట్టడం. క్లాసు అయిపోగానే అద్దం అవతల తలుపు గడియ పడేది. అద్దానికి కర్టెను లేదు కదా! మెట్ల మలుపులో నిలబడితే, ఖాళీ క్లాసు మీదుగా ఆ అద్దంలోంచి ఆయన ఒంటరిగా, టై ఊడదీసి, కాయితానికి నమస్కారం పెట్టడం కనిపించేది. అడిగితే ఆమె చెప్పేసేదేమో. 'ఈ చెవి ఎందుకమ్మా' అని ఒక్క మాట అడిగుంటే ఆమె తడబడి, సిగ్గుపడి, నిజం కక్కేసేదే. అడగడానికి ఆయన హోదా అడ్డొచ్చింది. తాను కనిపెట్టిన పద్ధతి గురించి తాను ఇంకొకళ్ళని ఎలా అడుగుతాడు?

రోజూ రాత్రి భోజనాల దగ్గర ఆమె డైరెక్టర్ గారిలా మెడ ఆడించి చూపిస్తుంటే, ముద్ద గొంతుకి అడ్డం పడి భర్త దగ్గేవాడు.

"పాపం కదోయ్," అన్నాడు ఒకసారి.

"పాపమా? నా కూతురైతే పంపుతానా అన్నాడు!" అంది ఆమె, రొట్టెని కసిగా రెండు ముక్కలు చేసి.

శనివారం హోటల్ భోజనాల హాల్లో బల్లలన్నీ గోడలకి నెట్టేశారు. యూనిఫాముల్లో గదులు తుడిచేవాళ్ళు, సామాన్లు మోసేవాళ్ళు, వంటవాళ్ళు, లిఫ్టు నడిపే ఆయన, అందరూ కుర్చీల్లో బిగుసుకుని కూర్చున్నారు. ఇంతకుముందు వచ్చిన పంతుళ్ళు ప్రశ్నలడిగి నిలబెట్టారేమో, ఎవరి మొహంలోనూ నెత్తుటి చుక్క లేదు. ముందు వరసలో మేనేజరమ్మ కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఆ మనిషి మొహం చూస్తే పుట్టాక నవ్విందో లేదో అని అనుమానం వస్తుంది.

పంతులమ్మ పక్కన ఓ చిన్న బల్ల వెనక సంచితో నిలబడింది.

డైరెక్టర్ గారు చెయ్యి చాచాడు. ఆమె వినయంగా గొడుగు అందించింది.

ఆయన గొడుగు నేల మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. కుడిచేత్తో ఎడమచెవి పట్టుకుని లాగాడు. ఆ భారీ ఒళ్ళుతో, మోకాలు కలుక్కుమంటే పైకి తెలియనివ్వకుండా, ఒక చుట్టు తిరిగాడు. వంగి గొడుగు మీద ఉఫ్‌మని ఊదాడు. టై వెళ్ళి గొడుగు మీద పడింది.

పంతులమ్మ ఊపిరి బిగబట్టింది. ఇదిగో. ఇప్పుడే. ఈ క్షణం కోసమే.

వెనక వరసలో లిఫ్టాయన కిసుక్కున నవ్వాడు. పక్కనున్న గదులు తుడిచే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆ చేతి వెనక నుంచి నవ్వు ఎలాగో జారిపోయింది. నవ్వు ఒక వరస నుంచి ఇంకో వరసకి పాకి, హాలంతా ఒక్కసారిగా విరుచుకుపడింది. పంతులమ్మ గుండె గంతులేసింది. మేనేజరమ్మ వైపు చూసింది. లేస్తుంది, ఇప్పుడు లేచి 'ఇదేం తమాషా' అంటుంది.

మేనేజరమ్మ కళ్ళు తుడుచుకుంటోంది. భుజాలు కదిలిపోతున్నాయి. ఆ మనిషికి నవ్వు ఇన్నేళ్ళు ఎక్కడ నిలవ ఉందో, ఆగడం లేదు.

"నేను చేస్తా సార్!" లిఫ్టాయన అప్పటికే లేచాడు. చెవి లాగాడు, తిరిగాడు, ఊదాడు. "పిక్ అప్ ద అంబ్రెల్లా!"

"నేను, నేను!" గదులు తుడిచే ఆవిడ కొంగు దోపుకుంది. ఆ తర్వాత వంటాయన. కాయితానికి అందరూ వంగి వంగి నమస్కారాలు పెట్టారు. రేడియో ముందు కోళ్ళలా మెడలాడించారు. అరగంట క్రితం పెదాలు కుట్టేసుకుని కూర్చున్న మనుషులు 'టర్న్ డౌన్' అనీ 'త్రో అవే' అనీ హాలు పైకప్పు ఎగిరిపోయేలా అరుస్తున్నారు.

మేనేజరమ్మ లేచి వచ్చి డైరెక్టర్ గారి చెయ్యి పట్టుకుని ఊపింది.

"ఎంతమంది పంతుళ్ళు వచ్చారండీ ఇక్కడికి! మా వాళ్ళు నోరు విప్పింది ఇవాళే. ఆ చెవి ఎందుకండీ?"

"మెదడు నిద్రలేవడానికి," అన్నాడు డైరెక్టర్ గారు, రెప్ప వెయ్యకుండా. "చాలా పరిశోధన చేశానండి."

"సోమవారం నుంచి రోజూ రండి. కానీ ఒక్క షరతు. మీరే రావాలి. ఇంకెవర్నీ పంపొద్దు. ఇది ఇంకొకళ్ళ వల్ల అయ్యే పని కాదు."

సామాన్లు సంచిలో సర్దుతుంటే పంతులమ్మ చేతుల్లోంచి కెటిలు మూత జారి దొర్లుకుంటూ పోయింది. దాని వెంట పరిగెత్తి ఏరుకునే పని కూడా ఆమెదే.

ఆ సాయంత్రం ఇంట్లో పెళ్ళికొచ్చిన కానుకల పెట్టెలు ఒక్కొక్కటీ విప్పి పారేసింది. ఒకేలాంటి గోడ గడియారాలు మూడు, ఎవరూ వాడని సూపు గిన్నెలు. కోపం వస్తే ఆమెకి సర్దుకోవడం అలవాటు.

"నా చేతులతో నేనే కుర్చీ వేసి కూర్చోబెట్టాను ఆయన్ని! పరిశోధన అట, పరిశోధన! నేను నవ్వులపాలు చేద్దామని పెట్టిన చెత్తంతా వజ్రాలైపోయింది ఆయన చేతిలో!"

"అదేంటోయ్," భర్త కిందపడ్డ రిబ్బన్లు ఏరుతూ అన్నాడు. "అది పనిచేసింది ఆయన వల్లనా? నువ్వు పెట్టినందుకు. చెత్త పెడదామనుకుని కూడా నువ్వు పనికొచ్చేదే పెట్టావ్."

"నాకు పొగడ్తలొద్దు. నాకు పగ తీరాలి."

"ఆయనకి ఇంకా ఎన్ని పాఠాలు వచ్చు?"

ఆమె చేతిలో ఉన్న పెట్టెలోంచి ఒక గుడ్డ బయటికొచ్చింది. మందపాటి, ముదురు నీలం రంగు కర్టెను. ఇంట్లో ఏ కిటికీకీ సరిపోదు, చాలా పెద్దది. ఎవరిచ్చారో గుర్తులేదు గానీ, ఇచ్చిన మహానుభావుడికి ఆమె ఆ నిమిషాన మనసులోనే దండం పెట్టుకుంది.

"వచ్చినవన్నీ చూసినవే," అంది నెమ్మదిగా. కొలత చూడ్డానికి కర్టెను రెండు చేతులా చాచి పట్టుకుంది. మొహం కర్టెను వెనక ఉండిపోయినా ఆ కొత్తరకం నవ్వు భర్తకి వినపడింది.

సోమవారం టైలరక్క కుట్టుమిషను మీద అంచు మడిచి, రింగులు కుట్టి పెట్టింది. డ్రైవరు స్టూలెక్కి మేకులు కొట్టాడు. డైరెక్టర్ గారు హోటల్ నుంచి తిరిగొచ్చి కుర్చీలో కూలబడి మోకాలికి బామ్ రాసుకుంటూ తలెత్తేసరికి, అద్దం నిండా నీలం కర్టెను.

"ఎండ కళ్ళలో పడుతోంది సార్," అంది పంతులమ్మ, తలుపు సందులోంచి తల పెట్టి. ఆ అద్దం వైపు ఎండ ఎప్పుడూ పడదు. కానీ 'నేను నిన్ను చూడాలి' అని ఆయన ఎలా అంటాడు?

కర్టెను ఇవతల పాఠం మళ్ళీ మొదలైంది. చెవులూ కోడిమెడలూ పోయాయి. అసలైన ముక్క వచ్చింది.

"'పిక్' ఆయనా, 'అప్' ఆవిడా ఉన్నారు, మొగుడూ పెళ్ళాం," అంటోంది పంతులమ్మ. "'ద బ్యాగ్' లాంటి పెద్దమనిషి ఇంటికొస్తే పక్కనైనా కూర్చుంటాడు, ఇద్దరి మధ్యనైనా కూర్చుంటాడు, పట్టింపు లేదు. 'ఇట్' అలా కాదు. అది పసిపిల్ల. ఎప్పుడూ ఇద్దరి మధ్యే పడుకోవాలి. పిక్ ఇట్ అప్." టైలరక్కనీ డ్రైవరునీ అటూ ఇటూ నిలబెట్టి, మధ్యలో రేడియోని ఊయలలా ఊపించింది.

"అందరు మొగుడూ పెళ్ళాలూ ఇంతేనా మేడమ్?"

"కాదు. 'లుక్ ఆఫ్టర్' ఉన్నారు. వాళ్ళు వేరు. మధ్యలోకి ఎవర్నీ రానివ్వరు. పసిపిల్లైనా సరే పక్కనే పడుకోవాలి. లుక్ ఆఫ్టర్ ఇట్."

"అంటే కొత్తగా పెళ్ళయినవాళ్ళన్నమాట!" అన్నాడు డ్రైవరు.

పంతులమ్మ మొహం సిగ్గుతో ఎర్రబడింది. డస్టరు తీసి అతని మీదికి విసిరింది. అది వెళ్ళి కర్టెనుకి తగిలి కింద పడింది. అవతల కుర్చీ కిర్రుమంది.

మంగళవారం డైరెక్టర్ గారు హోటల్లో గొడుగు పాఠమే మళ్ళీ చెప్పాడు. బుధవారం కూడా అదే. ఆయన ఎడమచెవి ఎర్రగా కమిలిపోయింది. మెట్లెక్కుతుంటే గోడ పట్టుకుంటున్నాడు. "వాళ్ళు తిరగందే ఒప్పుకోవడం లేదట," అని ఫోనమ్మాయి గుసగుసగా చెప్పింది. "లిఫ్టాయన అయితే 'సార్, మీ చుట్టు సరిగ్గా పడలేదు, మళ్ళీ తిరగండి' అన్నాడట. మేనేజరమ్మ ఇవాళ ఫోన్ చేసింది. 'గొడుగు ఎత్తడం వచ్చేసిందండీ, తర్వాతేంటి' అని అడుగుతోంది. సార్ ఫోన్ పెట్టేసి చాలాసేపు కర్టెను వైపే చూస్తూ కూర్చున్నారు."

పంతులమ్మ టీ గ్లాసు రెండు చేతులా పట్టుకుని చిన్నచిన్న గుక్కల్లో తాగింది. ఎంత రుచిగా ఉందో ఆ టీ!

గురువారం పాఠం మధ్యలో, ఇంతకాలం ఎన్నడూ తెరుచుకోని, అద్దంలోనే ఉన్న తలుపు తెరుచుకుంది. కూలరు మోత ఒక్కసారిగా క్లాసులోకి పడింది. కర్టెనుని పక్కకి తోసుకుంటూ డైరెక్టర్ గారు వచ్చి నిలబడ్డాడు. టై లేదు.

"పాఠం నడుస్తోందామ్మా?"

"నడుస్తోంది సార్. కూర్చోండి."

ఖాళీ ఉన్నది టైలరక్క పక్కన, ముందు బెంచీలోనే. కాసేపు తటపటాయించి, మోకాలు పట్టుకుని మెల్లగా కూర్చున్నాడు. టైలరక్క జరగలేదు.

"హోటల్ వాళ్ళు తర్వాత పాఠం అడుగుతున్నారు," అన్నాడు గొంతు తగ్గించి. "నీ... మన దగ్గర ఏదో ఉండే ఉంటుంది కదా."

"మీ పద్ధతి కదా సార్. మీకే తెలియాలి."

డ్రైవరు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. భుజాలు మళ్ళీ కదులుతున్నాయి.

"పోస్టరు మార్పిస్తాను," అన్నాడాయన. "కింద నీ పేరు కూడా వేయిస్తాను. సహకారం అని."

"పైన వేయించండి. ఒక్కటే వేయించండి."

ఆయన బెంచీల వైపు ఒకసారి చూశాడు. గదిలో ఎవరూ ఆయనకి సాయం రాలేదు. చివరికి, "కానీ మేనేజరమ్మ నన్నే రమ్మంది కదమ్మా," అన్నాడు, అదొక్కటే మిగిలిన ఆయుధంలా.

"అవును. షరతు పెట్టారు. మీరు రావాల్సిందే." పంతులమ్మ బల్ల కింద నుంచి సంచి తీసి ఆయన ముందు నేల మీద పెట్టింది. గొడుగు, కెటిలు, రేడియో, పైన మడతపెట్టిన కోటు. కోటు మాత్రం తీసి తన భుజాన వేసుకుంది. "ఇది ఇవాళ ఇంటికి తీసుకెళ్ళండి. బరువెంతో చూసుకోండి."

ఆయన లేచాడు. సంచి వైపు వంగబోయాడు. అంతలో ఆయన కుడిచెయ్యి, ఆయన ప్రమేయం లేకుండానే, కమిలిన ఎడమచెవి మీదికి వెళ్ళింది. ఒంటికాలి మీద సగం చుట్టు తిరిగాక గాని తాను ఏం చేస్తున్నాడో ఆయనకి తెలియలేదు. మొహం కందగడ్డలా మారింది. ఎవరూ నవ్వలేదు. నవ్వొద్దని పంతులమ్మే చూపుతో అందరినీ ఆపింది. ఇన్నాళ్ళూ ఆ నవ్వు కోసమే ఎదురుచూసిన మనిషికి, తీరా వచ్చేసరికి అది అక్కర్లేదనిపించింది. ఇంకా మంచిది దొరికింది మరి.

"రేపు పొద్దున ఆరింటికల్లా హోటల్ గుమ్మం దగ్గర సంచితో ఉండండి సార్," అంది. "మా ఆయన టీ పెట్టి పంపిస్తానన్నాడు, ఆలస్యం కాను. పాఠం నేను చెప్తాను. మీరు పక్కన నిలబడి సామాన్లు అందించండి. ఆ చెవి మాత్రం మీరే లాక్కోండి. అది మీకే బాగా కుదిరింది."